కొత్త మేనేజర్ వచ్చాక పెద్ద క్లబ్బు ఓడిపోతుంటే: లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

2024-25 ప్రీమియర్ లీగ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ 38 మ్యాచ్‌లు ఆడి 18 ఓడింది. 42 పాయింట్లతో 15వ స్థానం. 1974లో కింది డివిజన్‌కు జారిపోయిన తర్వాత ఆ క్లబ్బుకు ఇంతకన్నా అధ్వాన్నమైన సీజన్ లేదు. మధ్యలో నవంబర్‌లో వచ్చిన రూబెన్ అమోరిమ్‌ను ఉంచాలా, పంపాలా అని అభిమానులందరూ తెగ వాదించుకున్నారు. ఆ వాదనల్లో చాలావరకు చివరి మ్యాచ్ స్కోరు మీదే నడిచాయి. స్కోరు చూస్తే జబ్బు ఉందని తెలుస్తుంది, ఏ జబ్బో తెలియదు. మేనేజర్ పథకంలో ఉందా, ఆటగాళ్లలో ఉందా, పైన ఆఫీసులో ఉందా, లేక ఆయన రాకముందే ముదిరిపోయిందా అన్నది వేరుగా చూసుకోవాలి. ఇంట్లో కూర్చుని అది చేయవచ్చు. ఒక నోట్‌బుక్, మ్యాచ్ గణాంకాలు చూపే సోఫాస్కోర్, ఫాట్‌మాబ్ లాంటి ఒక యాప్, వెనక్కి తిప్పి చూడగలిగే రికార్డింగ్ ఉంటే చాలు.

మ్యాచ్‌ను రెండుసార్లు చూడాలి. మొదటిసారి అభిమానిగా చూడండి. ఆ రోజు ఏదీ రాయొద్దు, కోపంలో రాసిన లెక్క తప్పుతుంది. మర్నాడు రెండోసారి చూసేటప్పుడు పెన్ను పట్టుకోండి. టైమింగ్ విషయంలో మనకు ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్‌లను అక్కడి టీవీలో లైవ్‌గా చూపించరు, మనకు చూపిస్తారు. చలికాలంలో అవి మనకు రాత్రి 8:30కి, వాళ్ల గడియారం ముందుకు జరిగే మార్చి చివరి నుంచి అక్టోబర్ చివరి దాకా 7:30కి మొదలవుతాయి.

ముందుగా పాత గీత గీయండి

కొత్త మేనేజర్‌ను కొలవాలంటే ఆయన చేతికి వచ్చింది ఏమిటో ముందు తెలియాలి. ఆయన రాకముందు క్లబ్బు ఆడిన చివరి 38 లీగ్ మ్యాచ్‌లు తీసుకోండి. సీజన్ మధ్యలో వచ్చి ఉంటే రెండు సీజన్లలోంచి తీయాల్సి వస్తుంది, ఫర్వాలేదు. కొట్టిన గోల్స్, ఇచ్చుకున్న గోల్స్, పాయింట్లు అని మూడు అంకెలు రాయండి. కింద కొత్తాయన అంకెలు రాస్తూ వెళ్లండి. పాయింట్లను మాత్రమే కాక, గోల్స్‌ను రెండు వైపులా విడివిడిగా పోల్చడం ముఖ్యం.

2013లో యునైటెడ్ మేనేజర్‌గా వచ్చిన డేవిడ్ మోయిస్ ఏడాదిని ఈ పద్ధతిలో చూస్తే ఎంత తేటగా కనబడుతుందో చూడండి. ఆయనకు ముందున్న మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ 2012-13లో 89 పాయింట్లతో, రెండో స్థానంలోని మాంచెస్టర్ సిటీ కన్నా 11 పాయింట్లు ముందుండి టైటిల్ గెలిచి తప్పుకున్నారు. ఆ సీజన్‌లో యునైటెడ్ 86 గోల్స్ కొట్టి 43 ఇచ్చింది. తర్వాతి సీజన్‌లో, అంటే మోయిస్ 34 మ్యాచ్‌లు, చివర్లో రయాన్ గిగ్స్ 4 మ్యాచ్‌లు కలిపి, 64 కొట్టి 43 ఇచ్చింది. ఇచ్చిన గోల్స్ ఒక్కటి కూడా మారలేదు. కొట్టినవి 22 తగ్గాయి. వయసు మీరిన డిఫెన్స్ కూలిపోయిందని ఆ ఏడాది చాలామంది అన్నారు. ఈ రెండు వరుసలు పక్కపక్కన పెట్టి చూసినవాడు ఆ మాట అనడు. గోల్ చేసే దారి మూసుకుపోయిందని అంటాడు.

అమోరిమ్ పాత గీత పూర్తిగా వేరు. ఆయనకు ముందు 2023-24లో ఎరిక్ టెన్ హాగ్ కింద జట్టు 60 పాయింట్లతో 8వ స్థానంలో ఆగింది. 57 కొట్టి 58 ఇచ్చింది. కొట్టిన వాటికన్నా ఇచ్చుకున్నవే ఎక్కువున్న జట్టు అది. 2024-25లో టెన్ హాగ్ 9 మ్యాచ్‌లకు 11 పాయింట్లు తెచ్చి అక్టోబర్ 28న వెళ్లిపోయారు. రూడ్ వాన్ నిస్టెల్‌రాయ్ తాత్కాలికంగా రెండు లీగ్ మ్యాచ్‌లలో 4 తెచ్చారు. మిగిలిన 27 మ్యాచ్‌లలో అమోరిమ్‌కు వచ్చినవి సరిగ్గా 27 పాయింట్లు. అంటే మోయిస్ చేతికి పైకి బలంగా కనబడే జట్టు వచ్చింది. అమోరిమ్ చేతికి వచ్చేనాటికే జ్వరం ఉంది, ఆయన హయాంలో అది ఇంకా పెరిగింది. రెండింటినీ ఒకే కొలతతో తిట్టడం సరికాదు.

ఇక్కడ ఒక సవరణ తప్పనిసరి. మొదటి పది మ్యాచ్‌లలో ఎవరెవరు ఎదురయ్యారన్నది మేనేజర్ చేతిలో లేదు. మోయిస్‌కు మొదటి ఐదు మ్యాచ్‌లలోనే చెల్సీ, లివర్‌పూల్, సిటీ తగిలాయి. అందుకే అదే ప్రత్యర్థితో, అదే మైదానంలో కిందటి సీజన్‌లో ఏమైందో పక్కన రాసి పోల్చాలి. కొత్తగా లీగ్‌లోకి వచ్చిన మూడు జట్లను, కిందటేడు జారిపోయిన మూడు జట్ల స్థానంలో వరుసగా పెట్టుకోండి. ఈ సవరణ చేసి మోయిస్ సొంత మైదానంలో ఓడిన ఆరు లీగ్ మ్యాచ్‌లు చూద్దాం. వెస్ట్ బ్రామ్, ఎవర్టన్, న్యూకాజిల్, టాటెన్‌హామ్, లివర్‌పూల్, సిటీ. వీటిలో టాటెన్‌హామ్, సిటీల చేతిలో ఫెర్గూసన్ చివరి సీజన్‌లోనూ అదే సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఓడారు. కాబట్టి అవి కొత్త నష్టం కావు. మిగతా నాలుగూ కిందటేడు గెలిచినవే. కొత్తగా పోయినవి ఈ 12 పాయింట్లు. వాటిలో మూడు మ్యాచ్‌లలో, అంటే వెస్ట్ బ్రామ్, ఎవర్టన్, న్యూకాజిల్ మీద కలిపి యునైటెడ్ కొట్టింది ఒక్క గోల్. మళ్లీ అదే చోటికి వచ్చాం, గోల్ దారి దగ్గరికి.

అవకాశాల లెక్క

యాప్‌లో ఎక్స్‌జీ అని ఒక అంకె కనిపిస్తుంది. ఒక్కో షాట్ కొట్టిన చోటు, కోణం, తీరు బట్టి అది గోల్ అయ్యే అవకాశం ఎంతో లెక్కగట్టి, అన్నీ కలిపిన మొత్తం అది. దీన్ని యథాతథంగా రాసుకోకూడదు. పెనాల్టీ ఒక్కటే దాదాపు 0.78 తెస్తుంది, కాబట్టి ముందు పెనాల్టీలు తీసేయండి. రెడ్ కార్డ్ పడి ఎవరైనా పదిమందితో అరగంట కన్నా ఎక్కువ ఆడిన మ్యాచ్‌ను విడిగా గుర్తు పెట్టండి. రెండు గోల్స్ వెనకబడ్డ తర్వాత వచ్చిన అవకాశాలకూ అంత విలువ ఇవ్వొద్దు, ఎందుకంటే ఎదుటివాళ్లు అప్పటికే వెనక్కి తగ్గి కాపలా కాస్తుంటారు.

మీ జట్టు అంకెలోంచి ప్రత్యర్థి అంకె తీసేసి, పది మ్యాచ్‌ల సగటు చూడండి. ఐదు మ్యాచ్‌ల సగటును నమ్మొద్దు, ఒక్క 4-0 దాన్ని తలకిందులు చేస్తుంది. పెద్ద క్లబ్బు అన్నాక ఈ తేడా మ్యాచ్‌కు కనీసం 0.3 అయినా తనవైపు ఉండాలి. తేడా బాగుండి పాయింట్లు రాకపోతే స్ట్రైకర్‌నో గోల్‌కీపర్‌నో చూడాలి, మేనేజర్ మీద అప్పుడే పడొద్దు. తేడా చెడిపోయి పాయింట్లు వస్తుంటే అదే ప్రమాదం. కొత్తాయన వచ్చిన మొదటి నెలలో ఇది తరచూ జరుగుతుంది. అందరూ పండగ చేసుకుంటారు, మూడో నెలలో లెక్క సరిపోతుంది.

మైదానంలో బొమ్మ

అంకెలు ఎంతసేపు చూసినా ఎందుకు అన్నది చెప్పవు. దానికి కళ్లే కావాలి, పైగా బంతి మీంచి చూపు తప్పించాలి. కష్టమైన పనే, రెండు మూడు మ్యాచ్‌లకు అలవాటవుతుంది. మ్యాచ్ మొత్తం అలా చూడక్కర్లేదు. 15వ నిమిషం నుంచి 25 దాకా, 55 నుంచి 65 దాకా చూస్తే చాలు. మొదటి పావుగంట ఉత్సాహం చల్లారి, అసలు పథకం బయటపడేది అప్పుడే.

ప్రత్యర్థి గోల్‌కీపర్ గోల్ కిక్ తీసుకుంటున్న ప్రతిసారీ బొమ్మ ఆపండి. మీ జట్టు పదిమందీ ఎక్కడున్నారో చుక్కలు పెట్టండి. మూడు గోల్ కిక్‌లకే ఒక ఆకారం తేలుతుంది. అమోరిమ్ జట్టును ఇలా ఆపి చూస్తే వెనక ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లు (గోల్ ముందు కాపలా కాసే డిఫెండర్లు), రెండు అంచుల్లో ఇద్దరు వింగ్‌బ్యాక్‌లు (అంచు వెంట దాడికీ కాపలాకీ పరిగెత్తేవాళ్లు), నడిమధ్యన ఇద్దరే ఇద్దరు, ముందు ముగ్గురు కనబడతారు. స్పోర్టింగ్ లిస్బన్‌లో ఆయనకు టైటిళ్లు తెచ్చిన ఆకారమే ఇది. ఆకారంలో తప్పు లేదు. చూడాల్సింది ఆ నడిమధ్య ఇద్దరిని.

ప్రీమియర్ లీగ్‌లో చాలా జట్లు మధ్యలో ముగ్గురిని పెడతాయి. బంతి ఎదుటి సెంటర్‌బ్యాక్ దగ్గర ఉంది, మన స్ట్రైకర్ అతని మీదికి పరిగెత్తాడు అనుకోండి. బంతి వాళ్ల మధ్యవాళ్లలో ఒకడికి చేరింది. మన ఇద్దరిలో ఒకడు అతని మీదికి వెళ్లాడు. ఇప్పుడు రెండోవాడి ఎడమన ఒకడు, కుడిన ఒకడు. అతను ఎటు వెళ్లినా ప్రత్యర్థులలో ఒకడు ఖాళీ. ఈ లోటును పూడ్చడానికి రెండే దారులు. ముందు ముగ్గురిలో ఒకడు వెనక్కి దిగి మూడోవాడు కావాలి, లేదా వెనక ముగ్గురిలో ఒకడు అడుగు ముందుకేసి ఆ ఖాళీ మనిషిని పట్టుకోవాలి. రెండో దారిలో క్షణం ఆలస్యమైతే డిఫెండర్ బయటికి వచ్చేస్తాడు, వెనక గది తలుపు తెరిచి ఉంటుంది, బంతి నేరుగా అందులోకి వెళ్తుంది. 2024-25లో యునైటెడ్ మధ్యలో తరచుగా ఆడింది కాసెమిరో, బ్రూనో ఫెర్నాండెజ్, ఉగార్తెలలో ఇద్దరు. కాసెమిరోకు ఆ ఫిబ్రవరిలో 33 నిండాయి, చోటు పసిగట్టడంలో దిట్ట, కానీ ముప్పై మీటర్లు వెనక్కి పరిగెత్తే కాళ్లు కావు. బ్రూనో స్వభావం ముందుకు వెళ్లి చివరి పాస్ వేయడం. వాళ్లిద్దరూ తమ పని బాగా చేసిన రోజున కూడా మధ్యలో చోటు మిగిలిపోతుంది. మీ నోట్‌బుక్‌లో ఇరవై నిమిషాలలో ఆ మూడో మనిషి ఎన్నిసార్లు ఖాళీగా తిరిగి, గోల్ వైపు ముఖం పెట్టి బంతి అందుకున్నాడో గీతలు గీయండి. ఐదు దాటితే జట్టు మధ్యలో తెగిపోయిందని అర్థం.

ఇదే విషయం ఎదుటివాళ్ల దాడిలో కాక, సొంత దాడిలో చూడాలంటే క్రాస్‌లు, అంటే అంచుల నుంచి గోల్ ముందుకు వేసే బంతులు, లెక్కపెట్టండి. 2014 ఫిబ్రవరి 9న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఫుల్‌హామ్ మీద యునైటెడ్ 81 క్రాస్‌లు వేసింది. మ్యాచ్ 2-2. అప్పటికి ఫుల్‌హామ్ పట్టికలో ఆఖరి జట్టు. ప్రతి క్రాస్‌కూ మూడు సంగతులు రాయాలి. ఎక్కడి నుంచి వేశారు, వేసే క్షణంలో బాక్స్‌లో మనవాళ్లు ఎందరున్నారు, బంతి నేల మీద వెళ్లిందా గాల్లో వెళ్లిందా. గోల్ లైన్ దాకా వెళ్లి వెనక్కి నేల మీద కోసిన బంతి డిఫెండర్ల ముఖాలను సొంత గోల్ వైపు తిప్పుతుంది, అందుకే అది ప్రమాదకరం. అంచున నిలబడి నలభై గజాల నుంచి గాల్లోకి లేపిన బంతి ఎదురుగా వస్తుంది, డిఫెండర్‌కు తలతో కొట్టి పంపడం తేలిక. ఆ రోజు ఫుల్‌హామ్ వెనక దాదాపు రెండు మీటర్ల ఎత్తున్న డాన్ బర్న్ ఉన్నాడు. ఆ బంతులు అతనికి అన్నం పెట్టినట్టే. ఇంకో సంగతి, ఆ రోజు ఫుల్‌హామ్ కోచ్ రెనె మ్యూలెన్‌స్టీన్. ఫెర్గూసన్ కింద యునైటెడ్‌లో శిక్షణ నడిపి, మోయిస్ వచ్చినప్పుడు బయటికి వెళ్లిన వ్యక్తి. ఎదుటి జట్టు బంతిని అంచులకు తోసి మధ్యను మూసేస్తే మన దగ్గర రెండో ఉపాయం ఉందా అన్నదే ఇక్కడి పరీక్ష. ఆ మధ్యాహ్నం ఉన్నట్టు కనబడలేదు.

మనుషులు పథకానికి సరిపోతున్నారా

ఒక తెల్లకాగితం మీద మేనేజర్ ఆకారంలోని పదకొండు చోట్లు గీయండి. ప్రతి చోటా ఆడుతున్నవాడి పేరు, వయసు, కాంట్రాక్ట్ ఎన్నేళ్లు మిగిలింది, అతన్ని అసలు ఏ పని కోసం కొన్నారు అని నాలుగు విషయాలు రాయండి. కొన్న పని ఒకటి, చేస్తున్న పని మరొకటి అయిన చోట సున్నా చుట్టండి. నాలుగు సున్నాలు వస్తే, మేనేజర్ ఎంత మంచివాడైనా ఒక్క సీజన్‌లో నెగ్గుకురాలేడు.

అమోరిమ్ మొదటి సీజన్ కాగితం మీద సున్నాలు ఎక్కువ. కుడి ఫుల్‌బ్యాక్ (అంచున కాపలా కాసే డిఫెండర్) దలో ఎడమ వింగ్‌బ్యాక్‌గా ఆడాడు. కుడికాలి మనిషి కనుక అంచు దాకా వెళ్లినా క్రాస్ వేయడానికి బంతిని లోపలికి తిప్పుకోవాలి, ఆ ఒక్క సెకనులో ప్రత్యర్థి సర్దుకుంటాడు. ముందు అంచున దాడి చేసే వింగర్ అమాద్ కుడి వింగ్‌బ్యాక్ అయ్యాడు. పదో నంబర్, అంటే స్ట్రైకర్ వెనక ఆడే బ్రూనో మధ్యలోకి దిగాడు. ఎడమ వింగ్‌బ్యాక్ కోసమని ప్యాట్రిక్ డోర్గును లెచ్చె నుంచి తెచ్చింది 2025 ఫిబ్రవరిలో, సీజన్ సగం దాటాక.

మోయిస్ కాగితం మీద సున్నాలు తక్కువ, వయసులు ఎక్కువ. ఆ సీజన్‌లో ఫెర్డినాండ్‌కు 35, గిగ్స్‌కు 40 నిండాయి. విడిచ్, ఎవ్రా, కారిక్ 32 దగ్గర ఉన్నారు. ఫెర్డినాండ్, విడిచ్, ఎవ్రా ముగ్గురూ 2014 వేసవిలోనే వెళ్లిపోయారు. పైకి బలంగా కనబడిన జట్టు అన్నది అందుకే. టైటిల్ గెలిచిన జట్టును తీసుకున్నవాడికి అంతా బాగానే ఉందని తోస్తుంది, వయసుల వరుస చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

అమ్మేసి కొత్తవాళ్లను కొనొచ్చు కదా అని అడుగుతారు. ఇక్కడ డబ్బు లెక్క తెలియాలి. 6 కోట్ల పౌండ్లకు ఐదేళ్ల కాంట్రాక్ట్‌తో ఒకణ్ని కొంటే, క్లబ్బు పుస్తకాల్లో ఏడాదికి 1.2 కోట్ల చొప్పున ఖర్చు రాస్తారు. రెండేళ్లయ్యాక ఇంకా 3.6 కోట్లు మిగిలి ఉంటాయి. 2 కోట్లకు అమ్మితే ఆ ఏడాదే 1.6 కోట్ల నష్టం చూపాలి. అకాడమీలో పెరిగినవాణ్ని అమ్మితే వచ్చినదంతా లాభమే. అందుకే ఇబ్బందుల్లో ఉన్న క్లబ్బు పనికిరానివాణ్ని ఉంచుకుని, పనికొచ్చే ఇంటిపిల్లాణ్ని అమ్ముతుంది. స్కాట్ మెక్‌టొమినే 2024 ఆగస్టులో నాపోలీకి వెళ్లింది ఇలాగే. మొదటి సీజన్‌లోనే అక్కడ లీగ్ గెలిచాడు, ఆ లీగ్ ఉత్తమ ఆటగాడూ అతనే అయ్యాడు. మధ్యలో పరిగెత్తే మనిషి లేక యునైటెడ్ అవస్థ పడింది అదే సీజన్‌లో. బాధ కలిగించే విషయమే, కానీ ఆ తప్పును తర్వాత వచ్చిన మేనేజర్ ఖాతాలో రాయకూడదు.

మేనేజర్ పైన ఉన్న గది

ఇక్కడ చూడాల్సింది తక్కువే, కానీ చాలామంది అసలు చూడరు. కొనేది ఎవరు, అమ్మేది ఎవరు, వాళ్లు ఎప్పుడు వచ్చారు అన్నవి తేదీలతో రాయండి. 2013 వేసవిలో ఫెర్గూసన్‌తో పాటే ముఖ్య కార్యనిర్వాహకుడు డేవిడ్ గిల్ వెళ్లారు, ఎడ్ వుడ్‌వర్డ్ వచ్చారు. ఎవర్టన్ మిడ్‌ఫీల్డర్ ఫెలయినిని జూలై 31 లోపు కాంట్రాక్ట్‌లోని విడుదల నిబంధన (ఆ ధర ఇస్తే వదలాల్సిందే) ప్రకారం 2.35 కోట్ల పౌండ్లకు తీసుకోవచ్చని అప్పటి వార్తలు చెప్పాయి. తీసుకున్నది సెప్టెంబర్ 2న, ఆటగాళ్లను కొనే గడువు (ట్రాన్స్‌ఫర్ విండో) మూసే రాత్రి, 2.75 కోట్లకు. 2024లో టెన్ హాగ్ కాంట్రాక్ట్‌ను జూలైలో పొడిగించి అక్టోబర్‌లో తొలగించారు. ఆటగాళ్ల వ్యవహారాలు చూడటానికి తెచ్చిన డాన్ యాష్‌వర్త్ ఐదు నెలలకే డిసెంబర్‌లో వెళ్లిపోయారు. ఈ గది ఇలా ఊగుతుంటే కింద ఎవరు కూర్చున్నా ఊగుతారు.

సహాయకుల పేర్లూ రాసుకోండి. మోయిస్ తనతో స్టీవ్ రౌండ్, జిమ్మీ లమ్స్‌డెన్‌లను ఎవర్టన్ నుంచి తెచ్చుకున్నారు. మైక్ ఫెలాన్, మ్యూలెన్‌స్టీన్, గోల్‌కీపింగ్ కోచ్ ఎరిక్ స్టీల్ వెళ్లిపోయారు. గెలిచే జట్టును అందుకున్నప్పుడు పాత శిక్షణ బృందంలో కనీసం ఒకరినైనా ఉంచుకోవడం మంచిదన్నది మా గట్టి అభిప్రాయం. ఓడే జట్టును అందుకున్నప్పుడు ఆ అవసరం అంతగా లేదు.

ఎంతకాలం ఆగాలి

ఫెర్గూసన్‌కే మొదటి ట్రోఫీకి 1986 నవంబర్ నుంచి 1990 దాకా పట్టింది అనే మాట ప్రతి వాదనలోనూ వస్తుంది. అది ఓపికకు ఆధారం కాదు, ఓపిక ఒక్కసారి ఫలించిందనడానికి మాత్రమే ఆధారం. ఆగడానికి కారణం అంకెల్లో దొరకాలి. ఆర్సెనల్‌లో మికెల్ ఆర్టెటా 2019 డిసెంబర్‌లో వచ్చి రెండు సీజన్లు 8వ స్థానంలోనే ముగించారు. 2021-22 మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడారు, మూడోది సిటీ చేతిలో 5-0. పంపేయమన్నవాళ్లు చాలామంది. కానీ 2019-20లో 48 గోల్స్ ఇచ్చిన జట్టు, 2020-21లో 39 మాత్రమే ఇచ్చింది. లీగ్‌లో అంతకన్నా తక్కువ ఇచ్చినవి రెండే జట్లు. స్థానం మారకపోయినా ఒక వైపు గోడ కట్టడం పూర్తయిందని ఆ అంకె చెబుతోంది. ఆ తర్వాత 5వ స్థానం, వరుసగా మూడేళ్లు రెండో స్థానం వచ్చాయి. ఆగాలంటే ఇలాంటి గోడ ఒక్కటైనా కనబడాలి. రెండు వైపులా, అంటే కొట్టడంలోనూ ఇవ్వడంలోనూ, ఇరవై మ్యాచ్‌ల తర్వాత పాత గీత కన్నా అధ్వాన్నంగానే ఉంటే, సున్నాలు తగ్గాక కూడా అలాగే ఉంటే, అప్పుడు పథకాన్నే అనుమానించాలి.

ఈ లెక్కను పాడుచేసేవి కొన్ని ఉన్నాయి. కప్పు మ్యాచ్‌లు వాటిలో మొదటివి. 2025 ఏప్రిల్ 17న యూరోపా లీగ్‌లో యునైటెడ్ లియోన్ మీద అదనపు సమయంలో 4-2 వెనకబడి, చివరి కొద్ది నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టి 5-4తో గెలిచిన రాత్రి ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. ఆ జట్టే లీగ్‌లో 18 ఓడింది, ఆ టోర్నీ ఫైనల్‌లో టాటెన్‌హామ్ చేతిలో 1-0తో ఓడింది. కప్పులకు వేరే పేజీ పెట్టండి. గాయాలను ఎందరు గాయపడ్డారని కాక, మొదటి పదకొండు మందిలో ఎన్ని నిమిషాలు పోయాయని లెక్కించండి. ప్రెస్ మీట్ మాటలు నోట్‌బుక్‌లోకి అసలు రానివ్వొద్దు.

ట్రాన్స్‌ఫర్ విండో మూసిన వారం ఆ పదకొండు చోట్ల కాగితం కొత్తగా గీయాలి. 2025 వేసవిలో యునైటెడ్ కూన్యా, ఎంబ్యూమో, షెష్కోలను ముందు వరుసకు, లామెన్స్‌ను గోల్‌కు తెచ్చింది. నడిమధ్య ఇద్దరి చోట కొత్తవాణ్ని తేలేదు. ఆ ఆగస్టులోనే లీగ్ కప్‌లో నాలుగో అంచె జట్టు గ్రిమ్స్‌బీ చేతిలో పెనాల్టీలలో ఓడారు, 2026 జనవరి 5న అమోరిమ్‌ను తొలగించారు. మీ కాగితం మీద కూడా విండో తర్వాత ఏ సున్నాలు చెరిగాయో, ఏవి అలాగే ఉన్నాయో ముందు చూసుకుని, ఆ రోజు నుంచి పది మ్యాచ్‌ల సగటును మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టండి.